చేపల లారీలో మా నాన్నకు చోటు కోరుతూ

నది పునరుద్ధరణ కార్యాలయం ప్రధానాధికారి గారి సముఖమునకు,
ఎగువ రవాణా విభాగములో చేపల లారీ డ్రైవరు (కాంట్రాక్టు) వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఆనకట్టకు ఎగువన జన్మించి, దిగువన మరణించుటకు సిద్ధముగానున్న నా తండ్రిని, ఆయన భార్యయగు నా తల్లిని, జలాశయము మరల నింపులోగా ఒక్కసారి ఎగువకు చేర్చుటకు అనుమతి కోరుట గురించి.

సూచిక: తమ కార్యాలయము నాకు జారీ చేసిన మెమో. (దానికి సంజాయిషీ కూడా ఇందులోనే ఉన్నది. వెతుక్కోగలరు.)

పై విషయమై తమరికి సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా, అని ఇక్కడి వరకు తమ ఆఫీసు మెట్ల దగ్గర కూర్చుని అర్జీలు రాసే పెద్దాయన రాసిపెట్టాడు. మిగతా సంగతి విని, "ఇది నేను రాయను బాబూ, రేపు కూడా నేనిక్కడే కూర్చోవాలి" అని కలానికి మూత పెట్టేశాడు. కనుక ఇక్కడి నుంచి నేనే రాసుకుంటున్నాను. భాషలో తప్పులుంటే నావి. సంగతుల్లో తప్పులుంటే తమవి.

1. నా ఉద్యోగం గురించి. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కి వచ్చే చేపలు ఆనకట్ట దగ్గరకొచ్చి ఆగిపోతాయి. మామూలుగా అయితే వాటి కోసం గోడ పక్కన నీళ్లు పారే మెట్లున్నాయి, ఎక్కగలిగినవి ఎగిరెగిరి ఎక్కుతాయి, ఎక్కలేనివి నా లారీ ఎక్కుతాయి. ఈ ఏడాది తమరు, ఆనకట్ట ఉంచాలా కూల్చాలా అని తేల్చుకోవడానికి, జలాశయం ఖాళీ చేసి నదిని కొన్నాళ్లు నదిలా పారనిచ్చి చూస్తున్నారు. నీటి మట్టం పడిపోయి ఆ మెట్లు ఎండిపోయాయి. అందుచేత ఇప్పుడు ఏ చేప గోడ దాటాలన్నా నా లారీ ఎక్కాల్సిందే.

ఎక్కించే పద్ధతి తమరికి తెలియనిది కాదు. అయినా నా అర్జీ మొత్తం దాని మీదే నిలబడి ఉంది కాబట్టి మళ్లీ చెబుతున్నాను. షెడ్డులో చేపను మత్తుమందు కలిపిన తొట్టిలో వేస్తారు. తడిగుడ్డ కప్పుతారు. ల్యాబు మేడం రెక్క అంచున చిన్న ముక్క కత్తిరించి పరీక్షకు పంపుతుంది. అది ఎడమ పాయలో పుట్టిందో కుడి పాయలో పుట్టిందో సాయంత్రానికల్లా తేలిపోతుంది. ఒక పాయలో పుట్టినదాన్ని ఇంకో పాయలో వదిలితే దానికి మనసొప్పదట, గుడ్లు పెట్టదట. అందుకని లారీకి రెండు ట్యాంకులు, ఎడమ పాయవి ఒకదాంట్లో, కుడి పాయవి ఒకదాంట్లో. దారిలో హారను కొట్టకూడదు. గట్టిగా బ్రేకు వేయకూడదు. నీళ్లు వెచ్చబడకూడదు. నా పెళ్లినాడు కూడా నన్నింత జాగ్రత్తగా ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్లలేదు. లారీకి రెండు పక్కలా నవ్వుతున్న చేప బొమ్మ వేయించి, కింద "మేం పుట్టింటికి వెళ్తున్నాం" అని తమరే రాయించారు.

2. నేను ఆనకట్ట కూల్చాలనే వాళ్ల మనిషినో, ఉంచాలనే వాళ్ల మనిషినో అని తమరు అనుమానపడకుండా ముందే చెప్పుకుంటున్నాను. మా ఇంట్లో వెలిగే బల్బు ఆనకట్ట పుణ్యం. మా పొయ్యి మీద ఉడికే గిన్నె చేపల పుణ్యం. రేపు ఆనకట్ట కూల్చేస్తే చేపలు తమంతట తామే ఈదుకుంటూ పోతాయి, నా లారీ అక్కర్లేదు. ఆనకట్ట ఉంచి చేపలు అంతరించిపోతే మోయడానికి ఏమీ మిగలదు, అప్పుడూ నా లారీ అక్కర్లేదు. అవి పూర్తిగా చావకుండా, పూర్తిగా బాగుపడకుండా, గోడకు ముక్కు కొట్టుకుంటూ ఉన్నంత కాలమే నా పిల్లలకు బడి. కాబట్టి తమరు ఎటూ తేల్చకుండా కమిటీ మీద కమిటీ వేస్తూ చల్లగా ఉండాలనే నా కోరిక. ఈ ఒక్క విషయంలో తమ కార్యాలయం నన్నెప్పుడూ నిరాశపరచలేదు.

3. నా తల్లిదండ్రుల గురించి. వాళ్లిద్దరూ పుట్టింది జలాశయం అడుగున మునిగిన ఊళ్లో. మా నాన్న ఈ చివర, మా అమ్మ ఆ చివర. నీళ్లు తీసేశాక ఇప్పుడా ఊరు బయటపడింది. గోడలు మోకాలెత్తున మిగిలాయి, అంతా బురద మేట వేసి ఉంది. రోజూ చేపల్ని తీసుకుని దాని పక్క నుంచే వెళ్తాను.

ఆనకట్ట కట్టేటప్పుడు మా నాన్న అక్కడే రాళ్లు కొట్టాడు. ఊరిని ముంచే గోడకు ఊరివాడే రాయి కొడుతున్నాడని ఊళ్లోవాళ్లంతా ఆయన మొహాన ఉమ్మేశారట. "ఉమ్మండి, అదీ నీళ్లే, అదీ ఆనకట్టలోకే పోతుంది" అన్నాడట. ఆయన మంచివాడని చెప్పి ఈ అర్జీకి బలం చేకూర్చే ఉద్దేశం నాకు లేదు. చిన్నప్పుడు నన్ను గొడ్డును బాదినట్టు బాదాడు. మా అమ్మ మీద ఈ రోజుకీ నోరు పారేసుకుంటాడు. అప్పటి రాతి పొడి ఇప్పుడాయన ఊపిరితిత్తుల్లో గూడు కట్టింది. డాక్టరు ఎక్స్‌రే ఫొటోను వెలుతురుకి ఎత్తి చూసి, "ఇంటికి తీసుకెళ్లి ఆయన అడిగింది ఇవ్వండి" అన్నాడు. ఆయన అడిగింది ఇదీ.

"మన ఇంటి గడప మీద కాసేపు కూర్చోవాలిరా. ఆ తర్వాత నన్ను ఎక్కడ పారేసినా సరే."

ఆయన ఈ మాట అన్నప్పుడల్లా గోడకు ఆనుకుని కూర్చున్న మా అమ్మ "నన్నూ" అంటుంది. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడదు. ఆయన "నువ్వొకదానివి, తోకలా" అని కసురుకుంటాడు.

మధ్యాహ్నం భోజనానికి లారీ తెచ్చి ఇంటి ముందు ఆపుతాను. ఆయన మంచం వాకిట్లోనే ఉంటుంది. "దాని మొహం అటు తిప్పి పెట్టరా, నన్ను చూసి నవ్వుతోంది" అంటాడు. రెండు పక్కలా బొమ్మ ఉంది కనుక ఎటు తిప్పినా అది నవ్వుతూనే ఉంటుంది.

4. నియమానుసారం దరఖాస్తు పెట్టుకున్నాను. తమ సెక్షను గుమస్తా గారికీ నాకూ జరిగిన సంభాషణ యథాతథంగా:

"ఎక్కడ పుట్టాడు మీ నాన్న?"

చెప్పాను. ఆయన జాబితా తిరగేశారు.

"ఈ పేరుతో ఊరే లేదు కదయ్యా."

"మునిగిపోయిందండీ."

"మునిగిందని జాబితాలోంచి తీసేశారు. లేని ఊళ్లో మనుషులెలా పుడతారు?"

"అప్పుడుందండీ."

"ఇప్పటి సంగతి చెప్పు."

"ఇప్పుడూ ఉందండీ. నీళ్లు తీసేశారుగా. రోజూ చూస్తున్నాను."

"అది ఊరు కాదు, చేపలు గుడ్లు పెట్టే ప్రదేశం. సిబ్బందీ చేపలూ తప్ప ఎవరూ పోకూడదు. మనుషులు తొక్కితే గుడ్లు చితికిపోవూ? చదువుకున్నవాడిలా ఉన్నావు, ఆ మాత్రం జాలి ఉండక్కర్లా?"

చేపకు రెక్క ముక్క చాలు. మా నాన్నకు గుర్తింపు కార్డు, పునరావాస కాగితం, ఆయనతో పాటు అక్కడే పుట్టిన ముగ్గురు ముసలివాళ్ల సాక్ష్యం, ఏదీ చాలలేదు. అందులో ఒకాయన సాక్ష్యం చెప్పడానికి వచ్చి తమ వరండాలోనే కళ్లు తిరిగి పడిపోయాడు. ఆయనకు మంచినీళ్లు ఇప్పించినందుకు కృతజ్ఞతలు.

5. ఈ నంబరు కింద ఆ గుమస్తా గారి గురించి రాసిందంతా నా భార్య కొట్టేయించింది.

6. ప్రజాభిప్రాయ సేకరణ గురించి. తమ తరఫున ఒక అమ్మాయి చేతిలో ట్యాబు పట్టుకుని మా ఇంటికి కూడా వచ్చింది. మా నాన్న మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"తాతగారూ, నదిలో చేపలు స్వేచ్ఛగా తిరగాలని మీరెంతవరకు కోరుకుంటున్నారు? అస్సలు లేదు, కొంచెం, ఫర్వాలేదు, బాగా, చాలా బాగా. వీటిలో ఒకటి చెప్పండి."

"కూరకొచ్చేంత లావయ్యేదాకా తిరగనీ."

"ఆనకట్ట కూల్చడం మీకిష్టమేనా?"

"ఏం, మీ తాత కట్టాడా? నేను కట్టాను. కూల్చాలనిపిస్తే నేనే చెప్పి పంపిస్తాను, పో."

ఆ అమ్మాయి రెండింటికీ "అభిప్రాయం లేదు" అని నొక్కింది. మా అమ్మ గోడ దగ్గర నుంచి "నన్నూ అడుగమ్మా" అంది. "ఇంటికొక్కరినే అడగాలి బామ్మగారూ, రూలు" అని ట్యాబు సంచిలో పెట్టేసుకుంది.

ఫలితాలు తమ ఆఫీసు ముందు బోర్డు మీద పెద్ద అక్షరాలతో వేయించారు, చదివాను. చేపలు పుట్టినచోటికి చేరాలని దాదాపు అందరూ కోరుకుంటున్నారు. పడవ షికారుకి జలాశయం ఉండాలని కూడా దాదాపు అందరూ కోరుకుంటున్నారు. కరెంటు పోకూడదని అందరూ, అందరంటే అందరూ, కోరుకుంటున్నారు. చేపల కోసం సాయంత్రం పూట ఒక్క బల్బు ఆర్పుతారా అన్న ప్రశ్నకు మాత్రం "చెప్పలేం" అన్నారు. అంత ప్రేమ ఉన్న ఊరు ఇది. ఎగువన పుట్టిన మనుషుల గురించి ఒక్క ప్రశ్న కూడా ఎందుకు లేదమ్మా అని ఆ అమ్మాయిని వెళ్లేటప్పుడు అడిగాను. "వాళ్లు అంతరించిపోతున్న జాబితాలో లేరు కదండీ" అంది. ఉన్నారమ్మా, మా ఇంట్లోనే ఇద్దరున్నారు అన్నాను. నవ్వింది. మంచి పిల్లే.

7. తమ మెమోలో మొదటి ఆరోపణ: ల్యాబు నమూనాల్లో అన్యపదార్థం కలుపుట. నిజమే. అది మా నాన్న కాలి బొటనవేలి గోరు. చేప రెక్క ముక్క చూసి పుట్టిన పాయ చెప్పగలిగిన యంత్రం మనిషి గోరు చూసి పుట్టిన ఊరు చెప్పలేకపోతుందా అనుకున్నాను. నాకు బుద్ధి లేదని నా భార్య అప్పుడే అంది, తమరు మళ్లీ అనక్కర్లేదు. ల్యాబు మేడం పాపం ఏమీ ఎరగదు, అన్ని గొట్టాలతో పాటు దాన్నీ పంపింది. సాయంత్రం ఫలితం వచ్చింది: "నమూనా వలస జాతికి చెందినది కాదు. తిరస్కరించడమైనది."

చదివి వినిపిస్తే మా నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. "వలస జాతి కాదంటే అక్కడివాణ్ణనేగా! ఆ ముక్కేగా నేను మొత్తుకుంటోంది! ఆ కాగితం తీసుకెళ్లి వాడి మొహాన కొట్టు!" అన్నాడు. ఆ కాగితం ఇందుతో జతపరిచాను. మొహాన కొట్టినట్టుగా కాక, జతపరిచినట్టుగానే స్వీకరించగలరు.

8. రెండవ ఆరోపణ: రవాణా ట్యాంకులో అనధికార ప్రాణిని తరలించుట. దీని గురించి కొంచెం వివరంగా రాసుకోవాలి.

ఆ రోజు వచ్చిన చేపలన్నీ ఎడమ పాయవే. కుడి ట్యాంకు ఖాళీ. లోపల బక్కెట్టు బోర్లించి, దాని మీద దుప్పటి మడిచి వేశాను. మా నాన్నను ఎత్తుకుని పైకెక్కించాను. ఎముకల మూట, బరువేమీ లేడు. మా అమ్మ అప్పటికే తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, నిచ్చెన రెండో మెట్టు మీద నిలబడి ఉంది.

ఆయన లోపల్నుంచి చూసి, "ఇద్దరికి చోటెక్కడుంది? దిగు" అన్నాడు.

"సర్దుకుంటాను" అంది.

"దిగమన్నానా?"

దిగింది. నేను మూత వేశాను. నిజంగానే చోటు లేదు.

ఎగువ గేటు దగ్గర కాపలా ఉండేది నా భార్య తమ్ముడు. చుట్టరికం చూసి వదిలేస్తాడని కాదు, చేపల లారీని ఎలాగూ ఆపడు కదా అని నా ధైర్యం. కానీ ఆ పూట గేటు దగ్గర బడిపిల్లల బస్సు ఆగి ఉంది. పిల్లలంతా కాగితపు చేప ముఖాలు కట్టుకుని లారీకి చేతులూపుతున్నారు. టీచరమ్మ "చేపలకి టాటా చెప్పండి" అంటోంది. వాళ్ల కోసమని నేను బండి నెమ్మది చేశాను. సరిగ్గా అప్పుడే మా నాన్నకు దగ్గు తెర వచ్చింది. ఖాళీ ట్యాంకులో ఆ దగ్గు డప్పు కొట్టినట్టు మోగింది.

"టీచర్, చేప దగ్గింది! చేప దగ్గింది!"

నా బావమరిది పైకెక్కి మూత తీశాడు. మా నాన్న, ఎండకని నేను నెత్తిన కప్పిన తడిగుడ్డతో, నోరు తెరుచుకుని ఊపిరి కోసం ఎగబీలుస్తూ పైకి లేచాడు. పిల్లలు కేకలు పెట్టారు, ఆ తర్వాత నవ్వారు.

"మామయ్యా, దిగండి. నా ఉద్యోగం ఊడగొట్టకండి."

"ఒరేయ్, మీ అక్క పెళ్లిలో నిన్ను ఈ భుజాల మీద ఎక్కించుకుని తిప్పాను రా."

"అందుకే చెయ్యిచ్చి దింపుతున్నాను. ఇంకొకరైతే ఈడ్చేవాణ్ణి."

దింపి గేటు పక్క రాయి మీద కూర్చోబెట్టాడు. టీచరమ్మ ఇలాంటి అవకాశం మళ్లీ రాదన్నట్టు పిల్లల్ని వరసగా నిలబెట్టి, "చూశారా, నదిని పాడుచేసేది ఎవరో ఇప్పుడర్థమైందా? ఇలాంటి వాళ్లు వెళ్లి తొక్కితే చేపపిల్లలు ఏమవుతాయి?" అని అడిగింది. "చచ్చిపోతాయి" అని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. ఒక పిల్ల ఏడ్చింది కూడా, చేపపిల్లల కోసం.

ఎడమ ట్యాంకులో చేపలున్నాయి. వాటికి ఆలస్యం కాకూడదు. కనుక నేను మా నాన్నను ఆ ఎండలో అక్కడే వదిలేసి, హారను కొట్టకుండా, గట్టిగా బ్రేకు వేయకుండా ఎగువకు వెళ్లి, చేపల్ని పుట్టినచోట దించి వచ్చాను. ఒక్క చేప చావలేదు. నా ఈ విధేయతను తమరు మెమోలో ఎక్కడా ప్రస్తావించలేదు.

తిరిగొచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది. ఎవరో పిల్ల తన కాగితపు చేప ముఖం తీసి మా నాన్నకు కట్టి వెళ్లింది. దాన్ని ఊడదీసుకోవడానికి చేతులెత్తే ఓపిక ఆయనకు లేదు. దాని వెనకే ఆయన ఊపిరి ఈలలా వినిపిస్తోంది.

9. ఆ ఎండ దెబ్బతో ఆయన మంచం దిగడం మానేశాడు. అయ్యా, ఆయన చచ్చిపోతున్నాడు. ఈ ముక్కను ఆఫీసు భాషలో ఎలా రాయాలో ఆ మెట్ల దగ్గర పెద్దాయన్ని అడిగి ఉంచుకోవలసింది. నెలాఖరుకి ఆనకట్ట గేట్లు మూసి మళ్లీ నీళ్లు నింపుతారు. కమిటీ మళ్లీ కూర్చుని మళ్లీ ఖాళీ చేయించేనాటికి మా ఇంట్లో ఎగువన పుట్టినవాళ్లెవరూ మిగలరు.

కావున తమరు దయతలచి ఈ కింది వాటిలో ఏదో ఒకటి మంజూరు చేయవలసినదిగా ప్రార్థన:

(అ) నా తల్లిదండ్రులను ఒక్క ట్రిప్పుకు మాత్రం చేపలుగా పరిగణించడం. లేదా,

(ఆ) మా నాన్నను ఒక్క పూటకు జీతం లేని క్లీనరుగా నియమించడం. మా అమ్మను ఆ క్లీనరుకు సహాయకురాలిగా నియమించడం. ఆమెకు ఆ పనిలో చాలా అనుభవం ఉంది. లేదా,

(ఇ) ఇద్దరినీ సామానుగా రాసుకోవడం.

గుడ్ల గురించి తమరు బెంగపెట్టుకోవద్దు. ఇద్దరినీ చెరోసారి ఎత్తుకుని గడప మీద కూర్చోబెట్టి, ఎత్తుకునే వెనక్కి తెస్తాను. వాళ్ల కాలు నేలకు తగలదు. తగిలేది నా కాలే, దానికి తమరి అనుమతి ఎలాగూ ఉంది.

ఇందులో తమకు కోపం తెప్పించే వాక్యాలను పక్కన పెట్టి, మిగిలిన కాసిన్నిటినీ చిత్తగించవలెను.

తమ విధేయుడు (తదుపరి మెమో అందేవరకు),
చేపల లారీ డ్రైవరు

జతపరచినవి: ఊపిరితిత్తుల ఫొటో. గోరు తాలూకు ల్యాబు ఫలితం. సాక్ష్యం చెప్పిన ముగ్గురి వేలిముద్రలు, అందులో ఒకటి వణికి చెరిగిపోయినది.

తా.క.: ఈ అర్జీ తమ ఆఫీసుకి తెచ్చేలోపే మా నాన్న పోయాడు. పొద్దున్నే మంచినీళ్లడిగి, నేను తెచ్చేలోపే. చివరి మాట నన్ను తిట్టిందే, అది ఇక్కడ రాయలేను.

ఆ పూట నాకు సత్తువ లోడు పడింది. తమ కాగితాల్లో దాని పేరు "పోషక పునఃప్రదానం". పెంపక కేంద్రంలో గుడ్లు పిండేశాక చచ్చిన చేపల్ని ఎగువకు తీసుకెళ్లి ఒడ్డున చల్లుతాం, అవి కుళ్లితే నదికి బలం. వాటికి రెక్క కత్తిరింపు లేదు. ఏ పాయలో పుట్టాయన్న విచారణ లేదు. మూత తీసి చూసేవాళ్లు లేరు. నాన్నను దుప్పట్లో చుట్టి వాటి మధ్య పడుకోబెట్టాను. కంపు కొడుతుందయ్యా అని నా భార్య ఏడ్చింది. ఇంకో దారి చెప్పు అన్నాను.

గేటు దగ్గర నా బావమరిది ఉన్నాడు. ఇంటికొచ్చి మా నాన్న కాళ్ల మీద పడి ఏడ్చి, డ్యూటీకి టైమైందని పరిగెత్తినవాడే. ట్యాంకు వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"లోడేంటి బావా?"

"చచ్చినవి."

"చచ్చినవాటికి రూలు లేదు. పో" అని గేటెత్తాడు.

మా ఇంటి గడప పక్కనే పూడ్చాను. చేపలు చల్లే పారతోనే తవ్వాను. గుడ్లేవీ చితకలేదు, చూసుకునే అడుగు వేశాను. తమరు దీని మీద ఇంకో మెమో ఇవ్వదలిస్తే నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు.

ఇంటికి తిరిగొస్తే మా అమ్మ గోడ దగ్గరే కూర్చుని ఉంది.

"గేటు ఎలా ఎత్తాడు?" అని అడిగింది.

"పోయినవాళ్లని ఆపే రూలు లేదటమ్మా."

"నీళ్లు ఎప్పుడు నింపుతారన్నావు?"

"నెలాఖరుకి."

"ఈ చచ్చిన చేపల లోడు మళ్లీ ఎప్పుడు పడుతుంది?"

"వారం వారం ఉంటుంది. ఎందుకమ్మా?"

ఏమీ లేదులే అంది. ఆ పూట నుంచి కంచం ముందు పెడితే పక్కకి జరుపుతోంది. నా భార్య కాళ్లు పట్టుకుంది. "ఆకలి లేదే, నువ్వు తిను తల్లీ" అంటోంది. డాక్టర్ని తీసుకొచ్చాను. నాడి చూసి, కళ్లు చూసి, "ఏ జబ్బూ లేదు, గట్టి మనిషి, ఇంకా చాలా కాలం ఉంటుంది" అన్నాడు. ఆ మాటకి మా అమ్మ మొహం వాడిపోయింది.

కనుక పై అర్జీలో "తండ్రి" అని ఉన్న చోటల్లా "తల్లి" అని దిద్దుకుని, తక్షణం అనుమతి ఇప్పించగలరు. ఆవిడను బతికుండగానే గేటు దాటించాలి. ఆవిడకు ఇప్పుడు నా మాట మీద నమ్మకం లేదు. తమరు నాకిచ్చిన మెమోనే చూపించి, ఇదిగోనమ్మా అనుమతి వచ్చింది, రేపు వెళ్దాం, లేచి రెండు ముద్దలు తిను అన్నాను. దాన్ని చేతిలోకి తీసుకుని మడతలు చూసింది, ముద్రను వేలితో తడిమింది. "ఇది నిన్ను తిట్టిన కాగితం కదరా. మొన్నటి నుంచీ నీ జేబులోనే ఉంది. నా కాగితం తే" అంది. రాత్రి నుంచి మంచినీళ్లు కూడా వద్దంటోంది.

అనుమతి ఇవ్వడానికి తమకు నిబంధనలు ఒప్పుకోకపోతే, ఇవ్వడం లేదనే రాయండి. కానీ కొత్త కాగితం మీద రాసి, కింద ముద్ర వేసి ఈ రోజే పంపించండి. ఆవిడకు చదవడం రాదు. నేను చదివి వినిపిస్తాను.